రావికమతం అప్ప దాచుకున్న కొరియా మాట

1953 ఆగస్టులో నేను సైనిక వైద్యదళంలో నర్సింగ్ హవల్దారును. సెలవు మీద మా ఊరు చోడవరంలో ఉన్నాను. హవల్దారంటే చొక్కా చేతి మీద మూడు పట్టీలు, కింద కొందరు సిపాయిలు, పైన మాత్రం లెక్కలేనంత మంది అధికారులు. కొరియాలో మన ఫీల్డు ఆసుపత్రిలో రెండేళ్ళకు పైగా పనిచేసి అప్పుడే తిరిగొచ్చాను. మా అమ్మ వండిపెట్టినది తిని, అరుగు మీద నడుం వాల్చి, బూట్లు వేసుకోనక్కర్లేని పగళ్ళను అనుభవిస్తున్నాను. అంతలో యూనిట్ నుంచి ఆర్డరు వచ్చింది. సెలవులో ఉన్నవాడికి పని పురమాయించడం సైన్యంలో వింతేమీ కాదు.

కొరియాలో యుద్ధం ఆగింది. ఇళ్ళకు పోవాలో వద్దో తేల్చుకోని ఖైదీలను కొన్నాళ్ళు చూసుకోవడానికి మన దేశం నుంచి కొత్త దళం వెళుతోంది. అందులో మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నలుగురున్నారు. నలుగురూ ఎంబార్కేషన్ లీవులో, అంటే ఓడ ఎక్కేముందు ఇంటివాళ్ళను చూసి రమ్మని ఇచ్చే సెలవులో ఉన్నారు. ఆ సెలవు అయ్యేలోపు వాళ్ళకు పనికొచ్చే కొరియా మాటలు నేర్పమని నాకు హుకుం. నాకా భాష వ్యాకరణం రాదు. వార్డులో రోగుల దగ్గర, ఆసుపత్రి పక్క పల్లెలో జనం దగ్గర చెవిన పడినదే నా చదువు. అయినా చోడవరం మొత్తానికి కొరియా పండితుణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పోటీ లేదు.

మా అరుగే బడి. ఎలిమెంటరీ స్కూలు నుంచి పాత నల్లబల్ల అరువు తెచ్చాను. శిష్యుల్లో ఒకడు డ్రైవరు, ఇద్దరు వంటవాళ్ళు. నాలుగోవాడు రావికమతం నుంచి వచ్చే పైడిరాజు, నర్సింగ్ సిపాయి. వార్డులో నేను చేసిన పనే అతనూ చేయబోతున్నాడు కాబట్టి సహజంగానే నాకు అతనంటే మక్కువ.

భాష నేర్చుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయనుకునేవాణ్ణి. కానీ ఎవరికి ఏది వింతో అది వాళ్ళ ఇంటిని బట్టి ఉంటుంది. కొరియాలో నాతోపాటు మాటలు నేర్చుకున్న ఒక తెల్ల సార్జెంటుకు, పచ్చి బియ్యానికి ఒక మాట, వండిన అన్నానికి ఇంకో మాట ఎందుకో చివరిదాకా బోధపడలేదు. మా వంటవాళ్ళు ఆ సంగతి అడగనైనా లేదు. స్సాల్ అంటే బియ్యం, పాప్ అంటే అన్నం అనగానే తలూపి, ముందుకు పదమన్నట్టు చూశారు.

అంకెల దగ్గర మాత్రం గోల చేశారు. ఆ భాషలో గంటలకు సొంత అంకెలు, నిమిషాలకు చీనా నుంచి వచ్చిన అంకెలు వాడతారు. గడియారం ఒకటే, లెక్కలు రెండేటని డ్రైవరు నిలదీశాడు. మామిడికాయలను ఒకటి, రెండు అని లెక్కపెట్టే నువ్వు తిథులకొచ్చేసరికి పాడ్యమి, విదియ అనడం లేదా అన్నాను. రెండు వరుసలూ రాసుకున్నాడు. ఆ పూటంతా నా మీద నాకే గౌరవం పెరిగింది.

పైడిరాజు ప్రశ్నలు వేరు. నొప్పి ఎక్కడుందని ఎలా అడగాలి, భయపడకని ఎలా చెప్పాలి, ముసలాయన్ని ఏమని పిలవాలి. ఒకరోజు, "అప్పని ఏటంటారండీ?" అన్నాడు. మా వైపు అప్ప అంటే అక్క. తమ్ముడు పిలిస్తే నూనా, చెల్లెలు పిలిస్తే వేరే మాట అని చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అప్పను అలాగే పిలిచాడట. నెత్తికి రాసుకునే నూనెలా కనిపిస్తన్నానేటిరా అని ఆవిడ చీపురు తీసిందట. ఇది చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగిపోయింది. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది ఆ అప్పే.

సెలవు ముగింపుకొస్తుండగా వీడ్కోలు మాటలు చెప్పాను. ఈ పాఠం దగ్గర తడబడనివాణ్ణి నేను చూడలేదు. కొరియాలో వీడ్కోలుకు రెండు మాటలు. వెళ్ళేవాడితో ఉండేవాడు అన్యంగి కసెయో అంటాడు, క్షేమంగా వెళ్ళండని. ఉండేవాడితో వెళ్ళేవాడు అన్యంగి కెసెయో అంటాడు, క్షేమంగా ఉండండని. నలుగురినీ జతలుగా నిలబెట్టి, ఒకణ్ణి అరుగు దింపి, ఒకణ్ణి అరుగు మీద ఉంచి వల్లె వేయించాను. దారినపోయే బళ్ళవాళ్ళు కూడా ఆగి చూశారు.

మర్నాడు పైడిరాజు రాలేదు. అతని బదులు వాళ్ళ అప్ప నూకాలమ్మ వచ్చింది. ఊడుపుల రోజులవి. మోకాళ్ళ దాకా బురద ఆరిపోయి ఉంది, చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపుకునే ఉంది. అరుగెక్కమంటే ఎక్కలేదు.

"మా గుంటడికి ఏటి నేర్పేరు బాబూ?" అంది.

విషయం నెమ్మదిగా బయటపడింది. ఆ పొద్దున్నే పైడిరాజు ఇంట్లోంచి బయల్దేరుతూ కొత్త పాఠాన్ని అప్ప మీద ప్రయోగించాడు. ఏటిరా అదని అడిగితే, ఎల్లినోడు ఉన్నోళ్ళతో అనే మాట, క్షేమంగా ఉండండని అర్థం అని నేను చెప్పింది చెప్పినట్టే అప్పజెప్పాడు. అంతే, ఆవిడ అతని బూట్లు, యూనిఫారం మూటగట్టి ధాన్యం గాదెలో పడేసి, గాదె మీద తిరగలి పెట్టేసింది. రెండు రోజుల్లో అతను అనకాపల్లిలో మద్రాసు బండి ఎక్కాలి.

మన ఇళ్ళలో గుమ్మం దాటేవాడు వెళ్తానని అనడు, వెళ్ళొస్తానంటాడు. నోరు జారి వెళ్తానన్నవాణ్ణి వెనక్కి పిలిచి, సరిగ్గా అనిపించి పంపుతారు. నాకిది తెలియనిది కాదు. కానీ పాఠం చెప్పేటప్పుడు అది పాఠం, ఇల్లు ఇల్లు అన్నట్టే ఉంటుంది బుద్ధి. హవల్దారు గొంతుతోనే ఆవిడకు నిబంధనలు వివరించాను. సెలవయ్యాక హాజరు కానివాణ్ణి గైర్‌హాజరు కింద రాస్తారు. ఇంకా రాకపోతే పారిపోయినవాడని తేలుస్తారు. పైదేశం వెళ్ళే దళంలోవాడైతే శిక్ష మరీ గట్టిగా ఉంటుంది. పోలీసులు మీ ఇంటికే వస్తారు అన్నాను.

"రానీండి. ఆలకి మా ఇంటికొచ్చే దారుంది గదా. ఈడికి ఎనక్కొచ్చే మాటే నేదంట," అంది.

ఆ తర్వాత ఆవిడే మెట్టు మీద కూర్చుని చెప్పింది. "మా అయ్య రంగం ఎల్లినప్పుడు బండి కదిలిపోతందని కంగారులో 'ఉండండే' అని ఎల్లిపోయేడు బాబూ. ఈడప్పటికి పాలు తాగుతన్నాడు. ఉన్నాం. ఇంకా ఉన్నాం."

రంగం అంటే రంగూన్. మా ప్రాంతంలో ఓడెక్కి అక్కడికి కూలికి పోయినవాళ్ళు లేని పేట లేదు. తిరిగిరానివాళ్ళూ తక్కువేమీ కాదు. ఇక నా నిబంధనలు ఎక్కడ పనిచేస్తాయి? నాకు నిజంగానే భయం వేసింది. ఆవిడ బూట్లివ్వకపోతే ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు. ఆవిడేమో ఊరికే మొండికేయడం లేదు, అనుభవంతో మాట్లాడుతోంది.

అప్పుడు కొరియాలో ఆసుపత్రి పక్క ఇల్లు జ్ఞాపకం వచ్చింది. ఆ ఇంటి కోడలు రోజూ పొద్దున్నే బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఏటికి వెళ్ళేది. వెళ్ళేముందు వాకిట్లో నిలబడి, లోపలున్న అత్తగారికి వినబడేలా ఒక మాట అనేది. ఏరు కనుచూపు మేరలోనే ఉంది. అయినా అనకుండా ఒక్కనాడూ కదల్లేదు. వార్డు పనికి మేం నేర్చుకున్న మాటల్లో నీళ్ళు, నొప్పి, రక్తం, కదలకు ఇవే ఉన్నాయి. ఇంట్లోంచి బయల్దేరే మాట రోగికి అక్కర్లేదు కాబట్టి నేనూ పాఠంలో చేర్చలేదు.

"వాళ్ళకీ ఆ మాట ఉందమ్మా. తన్యొ ఓగెస్సుమ్నిదా," అన్నాను.

"ఇడగొట్టి సెప్పండి," అంది.

విడగొట్టాను. ముందు ముక్క వెళ్ళి, రెండో ముక్క వస్తాను, చివరిది అండీ అనే మర్యాద. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తన కోసం అప్పటికప్పుడు అల్లానేమోనని అనుమానం. ఏటికి వెళ్ళే కోడలి సంగతి చెప్పాను. మూట ఏ రంగు గుడ్డలో కట్టేది, అత్తగారు లోపల్నుంచి ఏమనేది, అన్నీ అడిగింది. చివరికి తేలిగ్గా ఊపిరి తీసుకుని, "ఆలూ మనలాటోల్లేనన్నమాట," అంది.

సాయంత్రానికి పైడిరాజును తనే వెంటబెట్టుకుని వచ్చింది. మా వీధిలో నిలబెట్టి, నాలుక తిరిగేదాకా ఆ మాట అనిపించింది. ఒకచోట మింగేస్తే, "ఒరే, వస్తానన్న ముక్క మింగకురా!" అని కసిరింది. ఏ శిక్షణ కేంద్రంలోనూ అంత కఠినమైన ఇన్‌స్ట్రక్టరును నేను చూడలేదు. బూట్లు ఇచ్చేస్తానని ఒప్పుకుంది. తమ్ముణ్ణి నాలుగడుగులు ముందుకు పంపి, గొంతు తగ్గించి నన్నడిగింది.

"మరి ఇంటికొచ్చినాక ఏటంటారు బాబూ?"

వెళ్ళి వచ్చానండీ అంటారు, తన్యొ వస్సుమ్నిదా అని చెప్పాను. పెదాలు కదుపుతూ దాన్ని చాలాసార్లు అనుకుంది.

"ఇది ఆడికి సెప్పకండి. ఆడొచ్చి నాకాడ నేర్సుకుంటాడు," అంది.

పైడిరాజు సమయానికే మద్రాసు బండి ఎక్కాడు. నేను సెలవు ముగించుకుని డ్యూటీకి వెళ్ళాను. మరుసటి వేసవిలో మళ్ళీ సెలవు మీద ఇంటికొచ్చిన వారంలోనే, బస్సు దిగి ట్రంకు పెట్టెతో మా అరుగు ముందు నిలబడ్డాడు. రావికమతం పోయే ముందు నన్ను ఆ మాట అడుగుదామని ఆగాడట. అప్ప ఎవరిచేతో ఉత్తరం రాయించిందట, ఇంటికొచ్చినాక అనే మాటొకటి నీకు దాచేను, వచ్చి తీసుకో అని. నేను చెప్పనన్నాను. అక్కడ ఎవర్నీ అడగలేదా అన్నాను.

"అడిగేనండి. వార్డులో ఒకాయన్ని అడిగేను, మీ ఊళ్ళో ఇంటికొచ్చి ఏటంటారని. ఆయన గుడారం గుడ్డేపు తిరిగి పడుకున్నాడు. మరింకెవర్నీ అడగలేదు."

ఆ ఖైదీల శిబిరంలో అన్ని వేలమంది సొంత భాష మాట్లాడుతున్నా, ఆ ఒక్క మాట అనే అవసరం ఎవరికీ రాలేదన్నమాట.

నేనూ రావికమతం దాకా తోడు వెళ్ళాను. నూకాలమ్మ కాళ్ళకు నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే నిలబెట్టింది. నూనా అని పిలిచాడు. ఈసారి చీపురు తియ్యలేదు. ఒక్కొక్క ముక్క చెప్పింది, అతను ఒక్కొక్కటే అన్నాడు. పూర్తయ్యాక పక్కకు తప్పుకుని లోపలికి రానిచ్చింది.

ఆ తర్వాత శిక్షణ కేంద్రంలో చాలా ఏళ్ళు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా అక్కడి మాటలు తెలిసినవాళ్ళను అడిగి, నొప్పి, నీళ్ళ కంటే ముందు రెండు మాటలు సంపాదించేవాణ్ణి. వెళ్ళొస్తాననే మాటను క్లాసులో నేర్పేవాణ్ణి. వచ్చాననే మాటను మాత్రం ఎవరికీ నేర్పలేదు. దాన్ని వాళ్ళ ఇళ్ళకు ఉత్తరం రాసి పంపేవాణ్ణి.