నేను చదవగలిగిన గీతలు

మా మేడమీద కంప్యూటర్ నేర్పిన మాస్టారు పోయిన నెల కన్నుమూశారు. గుండె ఆగిందని నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది.

నాకు చదువు రాదు. మాచర్ల క్వారీల్లో నాపరాళ్లు లోడెత్తించిన మేస్త్రీని. సంతకం, కూడబలుక్కుని నాలుగు ముక్కలు, లారీలు లెక్కపెట్టే గీతలు. అంతే నా చదువు. అయినా ఎవడి ముందూ తగ్గలేదు.

మాస్టారు నేర్పేది లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్. అంటే లైసెన్సు కొనక్కర్లేకుండా, లోపలి రాతంతా అందరికీ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్. ఆదివారం ఆదివారం ఉద్యోగ ప్రకటనలన్నీ చదివి, ఏ పని వచ్చినవాళ్లను అడుగుతున్నారో గోడమీద సుద్దతో గీసేవారు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక వరస, ఉద్యోగానికో గీత: నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. అచ్చం మా క్వారీ లెక్కే. "మన ఊహలకి పిల్లలెందుకు బలవ్వాలి?" అనేవారు.

ఒకసారి గీతలు చెరుపుతుంటే చూశాను.

"గీసింది చెరుపుతావేందయ్యా?"

"ఒకే ఉద్యోగాన్ని మూడుచోట్ల వేశారు పెదనాన్నా. ఒక లారీని మూడుసార్లు గీస్తే మీరు ఊరుకుంటారా?"

"కాళ్లిరగ్గొడతా."

"అందుకే చెరుపుతున్నా."

ఇంకోరోజు పిల్లల ముందు, డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌కే గిరాకీ అని గొప్పకు పోయాను. ఆయన వాదించలేదు. "కింది వరస మీరన్నది, పైది మా లినక్స్. ఏది పొడుగో మీరే చెప్పండి పెదనాన్నా," అన్నారు. పైదే పొడుగు. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది.

ఆ వారమే కొందరు తండ్రులు వచ్చారు. "పిల్లల్ని ఈయన దగ్గర చేర్చమంటావా బాబాయ్?"

"ఊరికే దొరికేదానికి ఉద్యోగం ఎవడిస్తాడ్రా? వేరేచోట చూసుకోండి."

గోడమీద ఏముందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. మాట బజారంతా పాకింది. ఆ ఏడాదే క్లాసు మూతపడింది. "మీ మేడమీద గాలి చానా బాగుంటది పెదనాన్నా," అంటూ తాళం నా చేతిలో పెట్టి వెళ్లారు. ఒక్క నిష్ఠూరమాడలేదు. నేను చెప్పాల్సిన మాట చెప్పలేదు.

మాస్టారి పెదకర్మ మర్నాడు ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. చివరిదాకా మానకుండా నిలిచిన నలుగురిలో ఒకతె. హైదరాబాదులో లినక్స్ మీదే ఉద్యోగం.

"మీరు మేడ ఇవ్వబట్టే నేర్చుకున్నాం తాతయ్యా," అంటూ వంగింది. గుమ్మంలో మా కోడలు మురిసిపోతూ చూస్తోంది. ఆ పిల్ల వేళ్లు నా పాదాలకు తగిలాయి. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.