డిపో గేటు దగ్గర బోనం

ఆషాఢంలో ఒక ఉదయం శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే షేర్ ఆటోలో నా పక్కన ఒక ముసలమ్మ బోనం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మాది శ్రీకాకుళం. బోనం మీద దీపం వెలుగుతూ ఉంటుందని చదివాను గానీ, ఈ ప్రమిదలో వత్తి ఇంకా తెల్లగానే ఉంది. అడగడానికి మొహమాటపడి దానికేసే చూస్తున్నాను.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, దీపం ముట్టియ్యలేదనా?" అని ఆమే అడిగింది.

వాళ్ళ ఊరిని ఖాళీ చేయించి అక్కడ మిలటరీ ఆయుధాల డిపో కట్టారట. పోచమ్మ గుడి డిపో గోడ లోపలే ఉండిపోయింది. ఏడాదికొకసారి బోనాలకు మాత్రం గేటు తీసేవారు.

"లోపలంత మందుగుండు గదా. అగ్గిపెట్టెలు గేటుకాడనే గుంజుకునేటోళ్లు. మా అత్త గిట్లనే ఎత్తింది, నేను గిట్లనే ఎత్తిన."

"ఇప్పుడు డిపో లేదు గద అత్తమ్మా. ఇయ్యాల ముట్టిద్దాం," అంది ఎదుటి సీట్లోని కోడలు.

"ఇన్నేండ్లు దీపం లేకనే తీసుకున్నది తల్లి. ఇగ కోపమొస్తె నువ్వు జెప్తవా జవాబు?"

"సంతోషపడితె గూడ నేనే జెప్త."

ఆటోలో అందరం నవ్వాం. ముసలమ్మ నవ్వలేదు.

డిపో పాత గేటు దగ్గర ఇద్దరూ దిగారు. ఇంకెవరైనా ఎక్కుతారేమోనని ఆటో అక్కడే ఆగింది. కోడలు అగ్గిపుల్ల గీసింది. ముసలమ్మ బోనం వంచకుండా, ఎవరో కేకేస్తారన్నట్టు ఖాళీ సెంట్రీ గదివైపు చూస్తూ నిలబడింది. పుల్ల కాలిపోయింది. కోడలు ఇంకోటి తీయబోయింది.

"ఇటియ్యి," అంటూ ముసలమ్మ బోనం ఆమె చేతుల్లో పెట్టి, అగ్గిపెట్టె తీసుకుని తనే వెలిగించింది.