పాట పూర్తికానివ్వని టైలర్ బాబాయి

మా టైలర్ బాబాయి పాటని ఏనాడూ చివరిదాకా పోనివ్వడు. రెండో చరణం సగానికి రాగానే డోలు ఆపేసి, చెయ్యెత్తి, "ఆగండి. తప్పు నాదే. మళ్ళీ మొదట్నించి" అంటాడు.

లైబ్రరీ మేడమీద గదిలో వారం వారం పాడుకునే ముసలివాళ్ళం మేము. ఇన్నేళ్ళూ ఉద్యోగాలూ వంటిళ్ళూ వాడుకోగా మిగిలిన గొంతులివి. ఇవైనా మావే కదా అని మొదలుపెట్టాం. నేర్చుకున్నది ఒకటే పాట, వాన గురించి. వాన కురిసేది మూడో చరణంలో. కాబట్టి ఇంతవరకూ మబ్బులు తప్ప చినుకు పడలేదు.

"నేను సరుకు దింపి తిరిగొచ్చినా మీ బండి గేటు దాటదు కదా" అని లారీ నడిపి రిటైరైన డ్రైవర్ మామ దెప్పేవాడు. కుట్టు వంకరపోతే విప్పకుండా ఇస్త్రీ చేసి ఇచ్చేయమంటావా అని బాబాయి ఎదురడిగేవాడు. ఆ విప్పడాల వల్లే ఒక పెళ్ళికొడుకు కోటు వాళ్ళ అబ్బాయి బడికెళ్ళే నాటికి సిద్ధమైందని ప్రతీతి.

ఇంతలో లైబ్రరీ వార్షికోత్సవం వచ్చింది. మమ్మల్ని పాడమన్న కుర్ర సెక్రటరీ ఒక షరతు పెట్టాడు.

"మధ్యలో మర్చిపోయేవాళ్ళుంటే కింద కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడితే చాలండీ."

వయసు మళ్ళినవాళ్ళకి లోకం కేటాయించిన ఉద్యోగం అదొక్కటే మరి. మాతో పాడే నర్సక్క ముఖం చిన్నబోయింది. ఒకప్పుడు వార్డు మొత్తం మందులూ నోటికి చెప్పిన మనిషి. ఈమధ్య స్టవ్ మీద పాలు పెట్టి, పాలు కొనడానికి వెళ్తోంది. ఇక ఇంటిపట్టునే ఉంటాలే అంది.

టైలర్ బాబాయిని దారిలో పెట్టే పని నాకు అప్పగించారు. ఆ వారం తాళాలు వాయిస్తూ ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. ఆయన చూపు డోలు మీద లేదు, నర్సక్క పెదాల మీద ఉంది. అవి తడబడి ఆగాయి. ఆయన చెయ్యి లేచింది. తప్పు నాదే అన్నాడు.

పాట అయ్యాక, అంటే అవకుండా ఆగాక, నిలదీశాను.

"నర్సక్కకి మొదలు భేషుగ్గా వస్తుందమ్మాయ్. నడిమధ్యే దారి తప్పుతుంది. అక్కడ ఆవిణ్ణి వదిలేసి మనం పోతామా?"

ఎవరికీ చెప్పొద్దన్నాడు. సరేనన్నాను. సాయంత్రానికల్లా, నర్సక్కకి తప్ప, అందరికీ చెప్పేశాను. అందరం కలిసి నర్సక్కని బతిమాలి వేదిక ఎక్కించాం.

వార్షికోత్సవం రోజు రెండో చరణంలో నర్సక్క గొంతు సన్నగిల్లగానే, బాబాయి కంటే ముందు డ్రైవర్ మామ చెయ్యెత్తాడు.

"ఆగండి. తప్పు నాదే."

తర్వాతి సారి తప్పు నాది. ఆ తర్వాత వెనక వరుస మొత్తానిది. తన తప్పులన్నీ మేమే చేసేస్తుంటే టైలర్ బాబాయి, మీకెవరికీ తాళజ్ఞానం లేదని ఉడుక్కున్నాడు. వినీ వినీ హాలంతటికీ పల్లవి నోటికొచ్చేసింది. చివరికి వాళ్ళే ఎత్తుకున్నారు. సెక్రటరీ పెదాలు కూడా కదిలాయి. నర్సక్క గొంతు అందరికంటే పైన వినిపించింది.

మెట్లు దిగుతూ నర్సక్క నన్ను పక్కకి లాగింది.

"పాపం, టైలర్‌కి మతిమరుపు మొదలైనట్టుందే. ఆ సెక్రటరీకి తెలియనీకు. వచ్చే వారం నుంచి ఆయన పక్కన కూర్చుని నేను చూసుకుంటాలే."