కామెర్లు లేని ఇంట్లో యాపిల్ పళ్ళు

పోయిన నెలలో నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన మర్నాడు మా వీధిలో కొత్తగా అద్దెకు దిగినవారి అమ్మాయి చూడటానికి వచ్చి, మంచం పక్క బల్ల మీద నాలుగు యాపిల్ పళ్ళు పెట్టి, "అత్తయ్యగారూ, తొక్క తీసుకుని తినండి, పైన మైనం పూస్తున్నారట" అని జాగ్రత్త చెప్పింది. కంటికీ యాపిల్‌కీ ఏమిటి సంబంధమని నేను అడగలేదు. బందరులో మనిషి మంచం ఎక్కాడంటే యాపిల్ పండు రావాల్సిందే, అది ఇప్పటి మాట కాదు. ఆ అమ్మాయి వెళ్ళాక ఒంటికన్నుతో ఆ పళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ముఖం వేడెక్కింది. డెబ్భై ఆరేళ్ళ మనిషికి, గదిలో ఇంకెవరూ లేనప్పుడు, సిగ్గుతో ముఖం వేడెక్కడం ఏమిటో మీకు అర్థం కావాలంటే ఆ రోజుల్లో యాపిల్ పండు సంగతి ముందు చెప్పాలి.

అప్పట్లో మా ఊళ్ళో యాపిల్ తినే పండు కాదు, పట్టుకెళ్ళే పండు. అరటి, జామ, సపోటా తినేవి. మామిడి సంగతి చెప్పనే అక్కర్లేదు. యాపిల్ మాత్రం ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కాగితం సంచిలో పెట్టించుకుని వెళ్ళడానికి. కోనేరు సెంటర్లో బండి దగ్గర ఎవరైనా యాపిల్స్ బేరమాడుతూ కనిపిస్తే, "ఎంతకిచ్చాడండీ?" అని కాదు, "ఎవరికండీ?" అని అడిగేవారు. పెళ్ళయిన కొత్తలో మావారు జీతం అందిన సంతోషంలో రెండు పళ్ళు కొనుక్కొస్తే, దీపాలు పెట్టే వేళకి ముగ్గురు పలకరించడానికి వచ్చారు. ఒకావిడ హార్లిక్స్ సీసా కూడా తెచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక రోగికి వచ్చిన పళ్ళు ఆ రోగి తిన్నాడా అంటే సాధారణంగా లేదు. అవి రెండు రోజులు గూట్లో ఉండి, మరో రోగిని చూడటానికి వెళ్ళేవి. గూడూరులో బయల్దేరిన పండు పెడన మీదుగా తిరిగి తిరిగి చివరికి ఏ చంటిపిల్లవాడి చేతిలోనో పడేది.

ఇక అసలు సంగతి. దివిసీమలో ఉప్పెన వచ్చిన తరవాతి ఏడాది, అంటే డెబ్భై ఎనిమిది, ఫిబ్రవరి మొదటి వారంలో మా ఆడపడుచు పుట్టింటికి వచ్చేసింది. మావారికి ఒక్కతే చెల్లెలు. సిమ్లాలో ఏదో ఆఫీసులో పనిచేసే గుడివాడ అబ్బాయికి ఇచ్చి పెళ్ళి చేసి అప్పటికి రెండేళ్ళు కాలేదు. ఒక్కతే రైలెక్కి, బెజవాడలో దిగి, బస్సు మారి, చిన్న ట్రంకుపెట్టెతో రిక్షాలో గుమ్మం ముందు దిగింది. ఆ మంచు ఊళ్ళో మొగుడు రెండు సార్లు రాత్రిపూట ఆమెను బయటికి నెట్టి తలుపు గడియ పెట్టాడట. రెండోసారి కాలివేళ్ళు నీలం తిరిగాయి. మా అత్తయ్యగారు కూతురి వేళ్ళు చూసి, కొబ్బరినూనె రాసి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మొదట అన్నమాట, "వీధిలో అడిగితే ఏం చెబుదాం?"

ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఉప్పెన తరవాత నీళ్ళు చెడి, అవనిగడ్డ వైపు నుంచి బందరు దాకా ఎక్కడ విన్నా జబ్బులే, ఎక్కడ చూసినా పచ్చకళ్ళే. మా అత్తయ్యగారి పుట్టింటి వైపు నాగాయలంక దగ్గర ఎన్ని ఇళ్ళు లేకుండా పోయాయో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. అంత నిజమైన కష్టం మధ్యలో మేము ఒక అబద్ధపు జబ్బును ఇంట్లోకి తెచ్చుకున్నాం. పిల్లకు కామెర్లు, అక్కడ చలికి పడక వైద్యానికి వచ్చింది, తగ్గగానే పంపిస్తాం. నేను బాలికల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పని ఏదైనా పొల్లు పోకుండా చెయ్యడం నాకు అలవాటు. జ్వరం ఏ రోజు మొదలైందో, కళ్ళు ఎప్పుడు పచ్చబడ్డాయో, ఉప్పు లేని పథ్యం ఎన్నాళ్ళో, చారు ఎప్పటి నుంచి తాగవచ్చో అన్నీ నేనే కుదిర్చి, ఎవరు అడిగినా మావారితో సహా అందరం ఒకే మాట చెప్పేలా చేశాను. మొత్తం ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ అయ్యాక ఏమిటన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. తగ్గితే పంపించాలి కదా. ఆ సంగతి నాకన్నా ముందు మా ఆడపడుచుకే అర్థమైంది.

చూడటానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. ఎవరు వస్తున్న అలికిడి అయినా అత్తయ్యగారు "అమ్మడూ, పడుకో" అని పిల్లను చీకటిగదిలోకి తోసేవారు. స్నానానికి పసుపు మామూలు కంటే దండిగా రాసుకోమనేవారు. "కళ్ళు చూపించమ్మా" అని ఎవరైనా దగ్గరికి వస్తే, "వెలుతురు పడదండీ" అని నేను అడ్డుపడేదాన్ని. వాళ్ళు వెళ్ళగానే రోగి లేచి వంటింట్లోకి వచ్చి గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుని రెండు వాయల అన్నం తినేది. "వదినా, ఈ కామెర్లు తగ్గేలోపు నేను నిజంగా పచ్చబడిపోతానేమో, ఆ పసుపు వదలడం లేదు" అనేది. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. అప్పట్లో నేనూ నవ్వాను.

యాపిల్స్ మాత్రం కుప్పపడ్డాయి. ఎదురింటి బేకరీ వారి మామ్మగారు మొదటి రోజే తెచ్చారు. నేను మామ్మగారు అంటున్నది ఒక ముస్లిం పెద్దావిడని. బేకరీ కొడుకుదే అయినా గల్లాపెట్టె దగ్గర ఆవిడే కూర్చునేవారు. వీధివీధంతా ఆవిడ్ని మామ్మగారనే పిలిచేది. ఆ తరవాత పోస్టుమాస్టరు గారి భార్య, పక్కవాటా పిన్నిగారు, మా స్కూలు టీచర్లు. ఒకావిడ మందులషాపులో కొన్న ఓట్స్ డబ్బా కూడా తెచ్చింది, రోగులకు తేలిగ్గా అరుగుతుందట. అత్తయ్యగారు దాన్ని తెరిచి వాసన చూసి, "గుర్రాల దాణా" అని మూత పెట్టేశారు. ఈ పళ్ళను ఇంకో రోగికి పంపేద్దామని నేనంటే మాత్రం ఒప్పుకోలేదు. "అబద్ధానికి వచ్చిన పళ్ళమ్మాయ్. నిజంగా జబ్బు చేసినవాళ్ళకి ఇస్తే వాళ్ళ ఆయుష్షు తగ్గుతుంది" అన్నారు. మాకు తినబుద్ధి కాలేదు, పారేస్తే వీధి కంటబడుతుంది. గూడు నిండి, బియ్యం డబ్బా మీదికి వచ్చి, ఇల్లంతా తియ్యటి మగ్గు వాసన పట్టుకుంది. రాత్రి పడుకుంటే ఆ వాసన నా దిండులో కూడా ఉండేది.

ఐదో వారం దాటాక గుడివాడలో ఆమె అత్తవారింటి నుంచి కబురు వచ్చింది. అమ్మాయికి నెమ్మదించిందని విన్నాం, గురువారం మధ్యాహ్నం బండికి మామగారు వచ్చి తీసుకెళ్తారని. బుధవారం అత్తయ్యగారు పిల్లతో పంపడానికి కొత్త చీరకు అంచు కుట్టారు. గురువారం పొద్దున నేను లేచేసరికి మా ఆడపడుచు వంటింట్లో పీట వేసుకుని యాపిల్స్ తొక్కలు తీస్తోంది. చెడిన మేర కోసేసి, మిగిలింది ముక్కలు చేసి, నిమ్మరసం, పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి, మా ఇంట్లో ఉన్న పెద్ద అల్యూమినియం ట్రేలో పరిచింది. ఇంకో గిన్నెలో ఓట్స్, గోధుమపిండి, పంచదార పోసి, అత్తయ్యగారి వెన్న కుండలోంచి ముద్ద తీసి, వేళ్ళ కొసలతో నలిపింది. పూర్తిగా కలవకూడదట, బొంబాయి రవ్వలా పలుకులు పలుకులుగా ఉండాలట. వెన్న ఒక వంతుకు పిండీ ఓట్సూ కలిపి మూడు వంతులు. "సిమ్లాలో మా పక్కింట్లో ఒక ముసలి టీచరమ్మ ఉండేది వదినా. గడియ పడిన రాత్రి వాళ్ళింట్లోనే కూర్చున్నాను. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టించి, ఇది చేసి పెట్టింది. క్రంబుల్ అంటారు. ఆ ఊళ్ళో నేను నేర్చుకున్నది ఇదొక్కటే."

"దీన్ని కాల్చడానికి మన దగ్గర ఏముంది?" అన్నాను.

"ఎదురింటివాళ్ళ బేకరీ ఉంది. నాన్‌ఖటాయ్ బిస్కెట్ల ట్రేలు అందరూ అక్కడికే పట్టుకెళ్తారుగా."

సరే, నేను పట్టుకెళ్తానన్నాను. ట్రే నా చేతికి ఇవ్వలేదు. ఐదు వారాలుగా గుమ్మం దాటని రోగి, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ట్రే రెండు చేతులా ఎత్తిపట్టుకుని ఎండలోకి దిగింది. వాళ్ళ ఇల్లు ఎదురుగా ఉన్నా బట్టీ మాత్రం వీధి చివర మలుపులో ఉంది. అన్ని అరుగుల మీదా మనుషులే. నేను వెనకాల, పమిట తల మీదికి లాక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా నడిచాను. ఆమె మాత్రం, "బాగున్నారా పిన్నిగారూ?" అని పలకరిస్తూ వెళ్ళింది. నా జీవితంలో అంత పొడుగు వీధి ఇంకొకటి లేదు.

పొద్దుటి రొట్టెలు తీసేశారు, బట్టీ ఇంకా వేడిగానే ఉంది. మామ్మగారి కొడుకు ట్రేలోకి తొంగిచూసి, "ఇదేంటమ్మా, మా బట్టీలో ఇంతవరకూ గుర్రం తిండి పెట్టలేదు" అని నవ్వాడు. మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగారు. అడిగింది ఆమెనే, జవాబు చెప్పింది నేను. నిన్నటితో కళ్ళు పూర్తిగా తెల్లబడ్డాయని, డాక్టరు గారు వెన్న కొంచెం తినవచ్చన్నారని, సోమవారం నుంచి చారు కూడా ఇస్తున్నామని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మామ్మగారు మధ్యలో ఆపలేదు. చివరిదాకా ఓపిగ్గా విన్నారు. అప్పుడు మా ఆడపడుచు అంది, "నాకు ఒంట్లో ఎప్పుడూ బాగానే ఉంది మామ్మగారూ. మా ఆయన రాత్రిపూట మంచులోకి గెంటి తలుపేసుకున్నాడు. అందుకని వచ్చేశాను. ఇవాళ మా మామగారు తీసుకెళ్ళడానికి వస్తున్నారు. నేను వెళ్ళను."

"తెలుసమ్మా" అన్నారు మామ్మగారు. "నువ్వు రిక్షా దిగి నడిచిన నడక చూశాను. కామెర్లొచ్చిన పిల్ల కాళ్ళు అలా ఈడ్చదు. వీధిలో అందరికీ తెలుసు."

"మరి ఆ పళ్ళు?" అని అడిగాను నేను.

"జ్వరం వచ్చినింటికి పళ్ళు తీసుకెళ్తాం. చావొచ్చినింటికి అన్నం వండుకెళ్తాం. పురిటింటికి బెల్లం పట్టుకెళ్తాం. పిల్ల ఇలా వచ్చేసిన ఇంటికి ఏం పట్టుకెళ్ళాలో మా పెద్దవాళ్ళూ చెప్పలేదు, మీ పెద్దవాళ్ళూ చెప్పలేదు కదమ్మా. చేతులూపుకుంటూ వస్తే మీ అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టేవారు. మీరేమో కామెర్లన్నారు. హమ్మయ్య, పళ్ళు తేవచ్చు అనుకున్నాం."

ఆవిడ ఎగతాళిగా అని ఉంటే బాగుండేది. చాలా మామూలుగా, చిల్లర అందిస్తున్నంత మామూలుగా అన్నారు. నేను వెలుతురు పడదని అడ్డుపడిన ప్రతిసారీ, ఫలానా మంగళవారం నుంచి జ్వరం అని అప్పజెప్పిన ప్రతిసారీ, ఎదుటివాళ్ళు మా పరువు నిలబెట్టడానికి తలూపారన్నమాట. నేను వాళ్ళను మోసం చేస్తున్నాననుకున్నాను. వాళ్ళు నా అబద్ధాన్ని సాగనిచ్చారు.

అరగంటకు బట్టీలోంచి తీసేసరికి పైన పొరంతా ఎర్రగా వేగి, అంచుల్లో పాకం బుడగలు వస్తున్నాయి. ట్రేను మామ్మగారి కొడుకు గోనెగుడ్డతో పట్టుకుని మోసుకొచ్చాడు. దాని వాసనకో, మరెందుకో, వెనకే నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు. అత్తయ్యగారు ఆ ఊరేగింపును చూసి పెరటిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మా ఆడపడుచు స్టీలు గిన్నెల్లో తలా ఇంత పెట్టి, మీద మీగడ వేసి అందించింది. "మీ పళ్ళే పిన్నిగారూ, తినండి." పైది కరకరలాడుతూ, లోపల ముక్క మెత్తగా, కాస్త పుల్లగా ఉంది. పోస్టుమాస్టరు గారి భార్య రెండోసారి పెట్టించుకుని, "అయితే యాపిల్ పండు బాగానే ఉంటుందన్నమాట" అంది. నా గిన్నె నా చేతిలోనే చల్లారిపోయింది.

అంతలో గుడివాడ నుంచి మామగారు వచ్చారు. మావారు ఉద్యోగం నుంచి ఇంకా రాలేదు. చేతిలో ఆయన కూడా యాపిల్ సంచే తెచ్చారు. ఇంతమంది మధ్య గరిటె పట్టుకుని నిలబడ్డ కోడల్ని చూసి, "పథ్యం అయిపోయిందా అమ్మా?" అన్నారు. గిన్నెల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మా ఆడపడుచు గరిటె పిడి రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు పెరటిగది తలుపు తెరుచుకుంది.

"అమ్మాయికి జబ్బేమీ లేదన్నయ్యగారూ" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ వీధిలో వినపడేలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "ఏనాడూ లేదు. నేనే చెప్పించాను. మీ అబ్బాయి మంచులోకి నెడితే వచ్చింది. ఇక పంపను. ఎండన పడి వచ్చారు, కూర్చుని ఇది తినండి."

ఆయన మంచినీళ్ళు మాత్రం తాగారు. కొడుకు సంగతి ఆయనకు కొత్త కాదనుకుంటాను, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. తల ఎత్తకుండానే లేచి, పళ్ళసంచి అరుగు మీద వదిలేసి సాయంత్రం బండికి వెళ్ళిపోయారు.

మా ఆడపడుచు తరవాత హిందీ పరీక్షలు కట్టి, మొవ్వ వైపు స్కూళ్ళలో పండితురాలిగా పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ ఫోనులో ఆ పసుపు స్నానాలు తలచుకుని పడీపడీ నవ్వుతుంది. "ఏం వదినా, కళ్ళు పచ్చబడ్డాయా?" అని మొన్న నా ఆపరేషన్ అప్పుడు కూడా అడిగింది. ఆమె నవ్వగలదు. ఆ వీధి ఆమెను పలకరించింది, నన్ను మన్నించింది. ఆ రెండూ ఒకటి కాదు. అత్తయ్యగారు పోయారు, మామ్మగారు పోయారు, బట్టీ ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. కాలంతో అన్నీ గడిచిపోతాయంటారు. నా నలభై ఏళ్ళ ఉద్యోగమూ, సంసారమూ ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ ఆరు వారాలు మాత్రం నాకింకా గడవలేదు.