పత్యం కూరలో జెర నూనె

ఈ పొద్దున మా బిడ్డ తన పాపకు మునగాకు పప్పన్నం కలిపి, పైన వేడి నెయ్యి పోసింది. పాప చప్పరించి తింటుంటే నా సంతోషం ఏం చెప్పను మిత్రులారా. ఆ వాసనకు నా ప్రాణం చిన్నప్పుడు మేమున్న లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌కు పరుగెత్తింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పత్యమని ముందు నూనె మాన్పించేవారు. మా చెల్లెలికి రేచీకటి వచ్చినప్పుడూ అమ్మ అదే చేసింది. మునగాకు కళ్లకు మంచిదని రోజూ ఉప్పునీళ్లలో ఉడకబెట్టి పెట్టేది. అయినా పొద్దుగూకితే చెల్లెలు గోడలు తడుముకుంటూనే నడిచేది. చూపు పూర్తిగా పోతుందేమోనని అమ్మకు ముద్ద దిగేది కాదు.

చివరికి దవాఖానాకు తీసుకుపోతే డాక్టరమ్మ మందు ఇచ్చి, తిండి గురించి అడిగింది.

“ఆకు పెడుతున్నవ్, మంచిదే. నూనె ఏదమ్మా?”

“పత్యం కదమ్మా, నూనె ఎట్ల పెడ్తం?”

“కళ్లకు కావాల్సిన విటమిన్ నూనెలనే కరుగుతది. అది లేకుంటే ఒంటికి పట్టదు. జెర పోపు పెట్టు.”

అమ్మ భయపడుతూనే పోపు పెట్టింది. ప్రతి సాయంత్రం మేం ఊపిరి బిగబట్టి చెల్లెల్ని చూసేవాళ్లం. ఒకనాడు ఇంకా దీపం పెట్టలేదు, మసక చీకట్లో నేను గడప మీద కూర్చున్నాను. చెల్లెలు నన్ను దాటబోయి ఆగింది.

“ఏందన్నా, అంగికి గుండీ లేదు. గట్లనే బడికి పోయినవా?”

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా అంగీ తడిమి చూసింది. గుండీ నిజంగానే లేదు. దాన్ని పోగొట్టినందుకు నన్ను తిడుతూనే, చెల్లెలి రెండు కళ్లనూ ముద్దు పెట్టుకుంది.