మూల మడిచిన ముక్క

పోయిన వారం మా పెద్దమ్మాయి ఇంటివాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పొడవైన హెచ్చరిక ఒకటి పంపింది. ఫోన్లో పందేల ఆటల పేరుతో మనుషుల్ని ఎలా ముంచుతున్నారో ఎవరో ఓపికగా రాశారు. తెర మీద ఆరేడు వాక్యాలు కనిపించి, కింద ‘ఇంకా చదవండి’ అని ఉంది. దాన్ని నొక్కితే మిగతాది తెరుచుకుంటుంది. నేను కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివేసరికి గ్రూపులో పదకొండు మంది దండాలు పెట్టేశారు. మా తమ్ముడి కొడుకుకు ఫోన్ చేసి, ఆ ఆటలో మొదటి రెండు పందేలు మనల్నే గెలిపిస్తారని రాశారు కదా, చూశావా అని అడిగాను. "చూసిన పెద్దనాన్నా, మొదట గెలుస్తమని ఉన్నది" అన్నాడు. ఎందుకు గెలిపిస్తారో కింద ఉంది. వాడు కిందికి పోలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు చిరాకు తగ్గలేదు. వాడి మీద కాదు, నా మీద నాకే ఉన్న పాత చిరాకు అది.

తొంభైలు మొదలైన కొత్తలో నేను సూర్యాపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. కోదాడ, మిర్యాలగూడ కూడా నా కిందే ఉండేవి. వార్త రాసి, కార్బన్ కాపీ ఒకటి నా దగ్గర పెట్టుకుని, అసలు కాగితాలను కవర్లో పెట్టి హైదరాబాద్ బస్సు డ్రైవరుకు ఇచ్చేవాణ్ని. ఆయనకు టీ ఇప్పించాలి. ఇప్పించని రోజు కవరు సీటు కింద నిద్రపోయేది. ఆ రోజుల్లో నాకు దొరికిన వార్తల్లో సగం మోసాలే. పునాది తవ్వుతుంటే బయటపడిందని ఇత్తడి గొలుసును గుడ్డలో చుట్టి, చెవిలో చెప్పి అమ్మేవాళ్లు ఉండేవారు. సగం ధరకే బీరువా, మంచం ఇస్తామని దుకాణం తెరిచి, మొదటి పది రోజులు నిజంగానే ఇచ్చి, పదకొండో రోజు బోర్డుతో సహా మాయమైనవాళ్లు ఉండేవారు. ఆ బోర్డు ఊడదీసిన మేకులు గోడకు చాలా ఏళ్లు అలాగే ఉన్నాయి. మోసపోయిన పెద్దమనిషి ఒకాయన ఆ దారిన వెళ్లినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాడు. ఇవన్నీ రాశాను. రాస్తే జనం జాగ్రత్తపడతారని నా నమ్మకం. ఆ వయసులో అలాంటి నమ్మకం లేకపోతే ఆ జీతానికి ఎవరూ పని చేయరు.

అప్పట్లో మూడు ముక్కల జట్టు ఒకటి ఈ మూడు ఊళ్ల బస్టాండ్లలో తిరిగేది. ఒకడు గోనెసంచి పరిచి మూడు పేకముక్కలు వేస్తాడు. రెండు నల్లవి, ఒకటి ఎర్ర రాణి. చేతులు అటూ ఇటూ తిప్పి బోర్లా పెడతాడు. రాణి ఎక్కడుందో చెప్తే పెట్టినదానికి రెట్టింపు. "చూడు, కళ్లారా చూడు, కనపడితే నీది, కనపడకపోతే నీ కళ్లది తప్పు" అంటూ పాటలా సాగదీసేవాడు. చుట్టూ నిలబడి ఆడేవాళ్లలో నలుగురైదుగురు వాడి మనుషులే. ఎర్ర తువ్వాలు వేసుకున్న ఒకతను ప్రతి ఊళ్లోనూ గెలవడం చూశాకే నాకు అనుమానం వచ్చింది. అంత అదృష్టవంతుడు ఒకే చొక్కా ఎందుకు వేసుకుంటాడు?

కోదాడ బస్టాండులో గోళీసోడాల బండి పెట్టుకున్న పెద్దాయన ఒకప్పుడు అలాంటి జట్టులోనే తిరిగి మానేశాడు. నేను నాలుగు సోడాలు తాగి, నా కడుపు ఉబ్బరించాక, ఆయన నోరు విప్పాడు. ముక్కలేసేవాడు కావాలనే దగ్గు తెచ్చుకునో, ఎవరితోనో గొడవపడుతూనో అటు తిరుగుతాడు. ఆ సందులో ఎర్ర తువ్వాలు మనిషి రాణి ముక్కకు మూల కొంచెం మడిచి, పక్కనున్న అమాయకుడికి కన్నుగీటుతాడు. అమాయకుడికి తానూ ఆ దొంగతనంలో భాగస్వామినన్న ధీమా వస్తుంది. మూల మడిచి ఉన్న ముక్క మీద ఉన్నదంతా పెడతాడు. "అక్కడే అయిపోయిందండీ" అన్నాడు సోడా పెద్దాయన. "ముక్కలు మళ్లా వేసేటప్పుడు వాడు చిటికెన వేలితో రాణి మూల సాపు చేసి, ఇంకోదాని మూల మడుస్తాడు. ఆ వంచిన మూలే ఎర సార్." వేళ్లతో చేసి చూపించాడు కూడా. మానేసి ఎనిమిదేళ్లయినా ఆ వేలు మరిచిపోలేదు.

ఆ వార్త ఎలా రాయాలా అని గదిలో కూర్చుని తెగ ఆలోచించాను. మామూలుగా రాస్తే ఎవరు చదువుతారు అనిపించింది. చదివేవాణ్నే ఆ గోనెసంచి ముందు నిలబెట్టాలి, వాడికీ కన్నుగీటాలి, వాడూ మూల మడిచిన ముక్కను నమ్మాలి, అప్పుడు చివరి పేరాలో కిటుకు విప్పి వీపు మీద చరచాలి. అలాగే రాశాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఉద్యోగంలో చేరిన రోజు, వార్తలు దిద్దే డెస్కులో పెద్దాయన చెప్పిన మాట అప్పుడు గుర్తుకు రాలేదు. వార్తలో ముఖ్యమైనది పైన పెట్టు, జాగా చాలకపోతే మేం కింది నుంచే కోస్తాం అని ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు.

శనివారం పొద్దున పేపరు విప్పితే జిల్లా పేజీలో నా వార్త ఉంది. దాని కింద ఏదో విత్తనాల ప్రకటన. వార్త పొడవు తగ్గినట్టు అనిపించి కింది నుంచి చదివాను. చివరి పేరా లేదు. ఎర్ర తువ్వాలు మనిషి రాణి మూల మడిచాడు, ముక్కలేసేవాడు చూడలేదు, అన్నచోట వార్త ఆగిపోయింది. అంతటితో పోలేదు. డెస్కువాళ్లు దానికి పెట్టిన శీర్షిక ‘మూల మడిచిన ముక్కే రాణి’.

ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి ఫోన్ చేశాను. డెస్కులో ఉన్నాయన అన్నం తింటూ మాట్లాడుతున్నట్టున్నాడు. రాత్రి ఆలస్యంగా ప్రకటన వచ్చింది, ఎనిమిది వాక్యాలు తీసేశాం, మిగతాది బాగానే వచ్చింది కదా అన్నాడు. సవరణ వేయమన్నాను. తప్పేం పడిందని వేయాలని అడిగాడు. పడినదంతా మీరు రాసిందే, మేం ఒక్క మాటా కలపలేదు అన్నాడు. శీర్షిక సంగతి ఎత్తితే, అది మీ మూడో పేరాలోదే అన్నాడు. ఫోన్ పెట్టేశాను. తీసేసిన ఎనిమిది వాక్యాలనే వార్తగా తిరగరాసి ఆ సాయంత్రం బస్సులో పంపాను. టీతో పాటు సమోసా కూడా ఇప్పించాను. ఆదివారం రాలేదు. సోమవారం కూడా రాలేదు. ఆ విషయం మీద నిన్న మొన్ననే వేశాం కదా అని పక్కన పెట్టారట.

మా మేనమామది నిడమనూరు. కాలువ నీళ్లు అందని చివరి భూములు ఆయనవి, బావి నీళ్లే ఆధారం. ఆ యాసంగిలో వోల్టేజి లేక మోటారు కాలిపోయింది. రెండుసార్లు వైండింగ్ చేయించారు, మూడోసారి మెకానిక్కే వద్దన్నాడు. వరి పొట్ట మీద ఉంది. వారం దాటితే గింజ పట్టదు. మా అత్త తన పాడి బర్రెను అమ్మితే, ఆ డబ్బు పట్టుకుని మామ ఆ సోమవారమే మిర్యాలగూడ బయలుదేరాడు. ఆయన గురించి ఇంకొక సంగతి చెప్పాలి. నేను పేపర్లో చేరినప్పటి నుంచి ఆయన రోజూ హోటల్లో కూర్చుని పేపరంతా చదివేవాడు. చివరి పేజీ అడుగున ఉండే ముద్రాపకుడి పేరు, ప్రెస్సు చిరునామా కూడా వదిలేవాడు కాదు. నా పేరు వేయకపోయినా ఏ వార్త నాదో పసిగట్టి, పక్కవాళ్లకు వినిపించేవాడు. అచ్చయినదంటే అది పూర్తిగా అచ్చయిందనే ఆయన లెక్క.

మంగళవారం పొద్దున ఆయన సూర్యాపేటలో నా గది గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు. పొలం పనులప్పుడు ఊరు దాటని మనిషి. చేతిలో మడిచిన ఖాళీ సంచి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. టీ తెప్పిస్తే గ్లాసు చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

"మోటరు తెచ్చినవా మామా?" అని అడిగాను.

"మోటరు పైసలు సరిపోయినయ్. స్టార్టరుకు తక్కువ పడ్డయ్" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పినదంతా నేల వైపు చూస్తూ చెప్పాడు. స్టార్టరు లేకుండా మోటారు ఇచ్చేది లేదన్నారట దుకాణంలో. ఏం చేయాలో తోచక బస్టాండుకు వచ్చాడు. గోనెసంచి కనిపించింది. ఆయన అంతకు ముందు ఎప్పుడూ పేక పట్టలేదు, పక్కింటి పెళ్లిలో కూడా ఆడలేదు. అయినా ఆగి చూశాడు, వార్తలో రాసినట్టే ఉందా లేదా అని. రాసినట్టే ఉంది. ముక్కలేసేవాడు దగ్గాడు, ఎర్ర తువ్వాలు మనిషి మూల మడిచాడు. నా అక్షరం అక్షరం నిజమైనందుకు ఆయనకు సంతోషం కలిగిందట. అది విన్నప్పుడు నాకు కలిగినదానికి ఇప్పటికీ పేరు పెట్టలేను. స్టార్టరుకు సరిపడా గెలిస్తే చాలనుకున్నాడు. చేతిలో ఉన్నదంతా చూపించు, అంతకంత ఇస్తానన్నాడు ముక్కలేసేవాడు. మామ కొంచెం జంకాడు.

"ఇగ గా ఎర్ర తువ్వాలాయన జేబుల నుంచి పేపరు తీసిండు" అన్నాడు మామ. "జర ఇది సూడు పెద్దమనిషీ, పేపర్ల గూడ పడ్డది, ఇగ భయమెందుకు అన్నడు. నీ వార్తనే అల్లుడా. మంచిగ కత్తిరించి అట్టకు అంటిచ్చిండ్రు."

నేను లోపలికి వెళ్లి కార్బన్ కాపీ తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకు తెలియదు. నా తప్పు లేదని చూపించుకోవడానికే అయి ఉంటుంది. చివరి పేరా ఆయనకు చదివి వినిపించాను. "మూల మడిచినవాడు కూడా ఆ జట్టులోవాడే. ముక్కలేసేవాడు అటు తిరిగేది వాణ్ని మడవనివ్వడానికే. మళ్లీ వేసేటప్పుడు రాణి మూల సాపవుతుంది, ఇంకో ముక్క మూల మడత పడుతుంది. రహస్యం మీకు దొరికిందని మీరు సంబరపడిన క్షణంలోనే ఓడిపోయారు." ఇంకో నాలుగు వాక్యాలు ఉన్నాయి. అక్కడే ఆపేశాను.

మామ ఆ కాగితం తీసుకుని, మిగతాది తనే మెల్లగా చదువుకున్నాడు. కింది అంచుదాకా చదివి, వెనక్కి తిప్పి అక్కడేమైనా ఉందేమో కూడా చూశాడు.

"మంచిగ రాసినవ్" అన్నాడు. కాగితం తిరిగి ఇస్తూ, "గిది ముందల రాయకపోతివి అల్లుడా" అన్నాడు.

అందులో నిష్ఠూరం ఉంటే బాగుండేది. వడ్లు తూర్పార పట్టేటప్పుడు చేట ఇటు తిప్పితే బాగుండేదని చెప్పినట్టు చెప్పాడు. డెస్కు పెద్దాయన రెండుసార్లు చెప్పిన మాట నాకు అర్థమైంది, పేక పట్టని రైతు నోటి నుంచి వచ్చాక.

ఇద్దరం మిర్యాలగూడ పోయాం. జట్టు లేదు. గోనెసంచి పరిచిన చోట అరటిపళ్ల బండి ఉంది. ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ అంతా విన్నాడు, మర్యాదగానే కూర్చోబెట్టాడు. "రిపోర్టర్ సాబ్, పందెం ఆడినోళ్ల మీద గూడ కేసు అయితది. ముందుగాల మీ మామ పేరే రాసుకోవాలె. రాయమంటరా?" అన్నాడు. మామ లేచి నిలబడ్డాడు. బయటికొచ్చాక, ఠాణాలో అంత కాగితం పేరుకుపోయిందేమిటి, ఎవరు చదువుతారు అని నన్ను అడిగాడు.

కోదాడలో ఒక మెకానిక్ దగ్గర పాత మోటారు ఉందని తెలిసి, నా తిప్పలు నేను పడి, మేళ్లచెరువు నుంచి సిమెంటుతో వస్తున్న లారీలో వేయించి పంపేసరికి తొమ్మిది రోజులైంది. నేనూ వెంట వెళ్లాను. కింది మడి బతికింది. పై మడి కంకి బయటికి తీయలేక తెల్లబోయి నిలబడింది. దాన్ని పశువులకు వదిలేశారు. ఖాళీ కొట్టం ముందు కూర్చున్న మా అత్త నన్ను చూసి చెంబుతో నీళ్లిచ్చింది. "పేపర్ల రాసెటోడు ఇంట్ల ఉంటె మాకు అన్ని ముందుగాలనే తెలుస్తయి అని ఊరంత చెప్పుకున్న నాయినా" అంది. అంతే అంది. నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టాను. మామ మాత్రం మోటారు ఆడగానే గట్టు మీద కూర్చుని, నేను తెచ్చిన ఆనాటి పేపరు అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం, మనిషికి ఎక్కువగా పనికొచ్చే మాటను మొదటి వాక్యంలోనే పెట్టాను. రాతలో అందం పోయిందని ఒకరిద్దరు అన్నారు, పోనివ్వమన్నాను. ఆ జట్టు దొరకనే లేదు. నాలుగేళ్ల తర్వాత ఖమ్మం వైపు పోతూ ఒక బస్టాండులో ఎర్ర తువ్వాలు మనిషిని చూశాననుకున్నాను. బస్సు ఆగలేదు. మామ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఎనిమిది వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు, ఇప్పుడు వాటిని వేసుకోవడానికి ఫోన్లో ఎంత జాగా కావాలన్నా ఉంది. కానీ అవి పనికొచ్చే సోమవారం నా జీవితంలో ఒక్కటే వచ్చింది, అదీ మిగతా సోమవారాల్లాగే వచ్చి వెళ్లిపోయింది.