తీగ పట్టిన నాచిముత్తు

ఆ నవంబరులో నాచిముత్తు చలవ వల్ల ఉడుమలపేటలో చాలామంది ముసలివాళ్లు బతికిపోయారు. బతకలేకపోయింది నాచిముత్తు ఒక్కడే.

మిల్లుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లంతా ఏటా ఆ నెల పూర్తయ్యేలోగా తాము బతికే ఉన్నామని సర్కారుకు చెప్పుకోవాలి. ఎదురుగా నిలబడి "ఇదిగో, ఉన్నాను" అంటే చెల్లదు. కంప్యూటర్‌కు తగిలించిన చిన్న డబ్బా మీద బొటనవేలు ఆనించాలి. ఆ ముద్ర తీగ గుండా ఢిల్లీ దాకా పోయి, అక్కడ ఎవరో ఒప్పుకున్నాక "ఉన్నారు" అని తిరిగి రావాలి. రాలేదా, పై నెల నుంచి పింఛను బందు. నాచిముత్తు ఇంట్లో బియ్యమూ, ఆయన భార్య కరుప్పాత్తాళ్ ఆయాసం మందులూ ఆ పింఛను మీదే నడుస్తున్నాయి.

వేలు పెట్టే చోటు బస్టాండు వెనక సందులో పూంగొడి నడిపే సేవా కేంద్రం. అది ఒకప్పుడు పిండిమర గది. గోడలు ఎంత మందమంటే లోపలికి అడుగు పెట్టగానే సెల్‌ఫోన్లు మూగబోతాయి. అందుకే తీగ తప్ప దిక్కు లేదు. పూంగొడి తండ్రి మారుదన్, నాచిముత్తు ఒకే మిల్లులో ఒకే షిఫ్టులో పనిచేశారు. మారుదన్ పోయాక కూడా ఆమె నాచిముత్తును పెదనాన్నా అనే పిలుస్తుంది.

నాచిముత్తు ఫిట్టరు. అంతకంటే ముఖ్యంగా, ఆయుధపూజ నాడు మిల్లులో ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ పెట్టే హక్కు ఆయనది. ఉద్యోగం నుంచి దిగినా ఆ హక్కు దిగలేదు. పూజ వచ్చిందంటే గంధం గిన్నె పట్టుకుని వీధిలోకి వస్తాడు. కుట్టుమిషన్లు, రుబ్బే గ్రైండర్లు, సైకిళ్లు, ఇస్త్రీపెట్టెలు, ఏదీ ఆయన వేలు తప్పించుకోలేదు. ఆ ఏడు పూంగొడి కొత్త కంప్యూటర్‌కు కూడా ముందూ వెనకా చక్కగా అలంకారం చేసి, దండ వేసి, హారతి ఇచ్చి వెళ్లాడు.

ఆ పూజ అయిన దగ్గర్నుంచే కంప్యూటర్‌కు పిచ్చెక్కింది. కాసేపు పనిచేస్తుంది. సరిగ్గా ఎవరో ఒక ముసలాయన వేలు ఆనించగానే తెర మీద ఎర్ర ఇంటూ గుర్తు పడి, "తీగ తగిలించి లేదు" అంటుంది. పూంగొడి వంగి చూస్తే తీగ నిక్షేపంగా తగిలించే ఉంటుంది.

తీగ కంపెనీ నుంచి కదిరవన్ వచ్చాడు. అదే తీగను తన ఒళ్లో కంప్యూటర్‌కు పెట్టి చూపించాడు. పరుగులు తీస్తోంది. "మా వైపు అంతా బాగానే ఉందండి. మీ పెట్టెలోనే ఏదో దిష్టి ఉంది" అని తేల్చి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఎన్నిసార్లు వచ్చినా అదే మాట. ఊరు మునిగినా ఆయన వైపు అంతా బాగానే ఉంటుంది.

పూంగొడి కొత్త తీగ కొంది. గోడకున్న తీగ డబ్బాలో కన్నం మార్చింది. కంప్యూటర్‌లో సరుకంతా తుడిచేసి మళ్లీ ఎక్కించింది. ఎవరో చెప్పారని బల్లను తూర్పుకు తిప్పింది. తిప్పితే ఫ్యాను గాలి రాక అందరికీ చెమటలు పట్టాయి తప్ప ఫలితం లేదు. చివరికి నాచిముత్తే నిమ్మకాయ తెచ్చి కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, గుమ్మం దగ్గర తొక్కాడు. ఆ గంటలో ఒక్కరు కూడా బతకలేదు.

అప్పుడు ఆయనలో ఫిట్టరు నిద్రలేచాడు. బల్ల కిందికి దూరి, తీగ మూతిని రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం ఎడమకు, వెంట్రుకంత పైకి ఎత్తాడు. తెర మీద ఎర్ర గుర్తు పోయింది.

"పెదనాన్నా, అలాగే ఉండండి! కదలకండి! దగ్గకండి!" అని పూంగొడి అరిచింది.

ఆ రోజు నుంచి నాచిముత్తు కొలువు బల్ల కింద. పైన ముసలివాళ్లు వరసగా వేలు ఆనిస్తున్నారు, కింద ఆయన ఊపిరి బిగబట్టి తీగ ఎత్తిపడుతున్నాడు. బతికినవాళ్లు వంగి దణ్ణం పెట్టి పోయేవారు. ఒకావిడ కొబ్బరికాయ కూడా తెచ్చింది. ఇక ఆయన వంతు వచ్చేసరికి మాత్రం శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆయన పైకొచ్చి వేలు పెట్టాలి, కింద ఎవరో తీగ పట్టాలి. ఎవరు పట్టినా ఎర్ర గుర్తే. కదిరవన్ కూడా పట్టాడు. పడుకుని మరీ పట్టాడు. కింది నుంచే "మా వైపు బాగానే ఉందండి" అన్నాడు.

ఇంట్లో కరుప్పాత్తాళ్ ఊరుకుంటుందా? ఆ ప్రాంతంలో మొగుణ్ణి తిట్టినా అండి తగిలించే తిడతారు. "చచ్చినవారు మూడో దోసె అడగచ్చాండీ?" అనేది. "పక్కింటివాళ్లు పలకరిస్తే పలక్కండి, సర్కారు వింటే కేసవుతుంది" అనేది. నవ్వుతూనే అనేది గానీ, మందు బిళ్లను విరిచి సగమే వేసుకుంటోందని నాచిముత్తు కనిపెట్టాడు. ఆయనకు భయం వేసింది. నలభై ఏళ్లు మరలు తిప్పిన చెయ్యి తన ఇంటికే పనికిరాకుండా పోతోందని ఏడుపొచ్చింది.

నెల ఆఖరి రోజు ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. "నువ్వే పట్టు. ఇంక ఎవరినీ నమ్మను" అన్నాడు.

"ఈ వయసులో బల్లల కింద దూరే రాత రాశాడండి దేవుడు" అంటూ ఆవిడ కొంగు బిగించి లోపలికి దూరింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"ఏమండీ, ఇక్కడ నా గంధం వాసనొస్తోందేం?"

"నీ గంధం ఏమిటి?"

"నేను తీసిందేనండి. పచ్చకర్పూరం నూరి కలుపుతాను, నాకు తెలీదూ?" ఆవిడ తీగ ఊడబీకి మూతి చూసింది. తర్వాత తల వంచి కంప్యూటర్ వెనక కన్నంలోకి చూసింది. "అమ్మాయ్ పూంగొడీ, నీ లైటు ఇలా వెయ్యవే."

కన్నం లోపల, బంగారు తీగలుండే చోట, గంధం ఎండి పెచ్చుకట్టి ఉంది. దాని నడుమ బుద్ధిగా ఒక కుంకుమ చుక్క.

బయట వేచి ఉన్న ముసలాయన ఒకరు, "ఏమైందండి, ఢిల్లీ దొరికిందా?" అని అడిగాడు.

"చీపురుపుల్లతో పెట్టాను" అన్నాడు నాచిముత్తు. "తీగ తీసి, లోపలి దాకా పెట్టి, మళ్లీ తగిలించాను."

"చేసుకున్నవారికి చేసుకున్నంతండి" అంది బల్ల కింద నుంచి కరుప్పాత్తాళ్. "పెళ్లినాడు నా నుదుట పెట్టమంటే చెయ్యి వణికింది. ఈ పెట్టె కడుపులో మాత్రం గురి తప్పలేదు."

పూంగొడికి నిజంగానే కోపం వచ్చింది. "కన్నంలో ఎవరైనా పెడతారా పెదనాన్నా? నెలంతా నన్ను జనం ఎన్ని తిట్లు తిట్టి పోయారో! ఎందుకు పెట్టారసలు?"

నాచిముత్తు చెప్పకూడదనే అనుకున్నాడు. నోరు ఆగలేదు. "ఒక ఏడు మిల్లులో గంధం చాలక ఒక మిషను వెనక వైపు వదిలేశానమ్మా. ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఆ వారమే మీ నాన్న రెండు వేళ్లు అందులో పోయాయి. అప్పట్నుంచి ఏ కన్నమూ వదల్లేను. నువ్వు రోజంతా దీని ముందు కూర్చుంటావు కదా."

పూంగొడి ఆయన పక్కకు వచ్చింది. "వేళ్లు ఎలా పోయాయో నాన్న నాకు చెప్పాడు పెదనాన్నా. మిషను తిరుగుతుండగా బీడీ కోసం వెనక్కి చూశాడట. గంధం మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు" అంది.

నాచిముత్తు స్టూలు మీద కూర్చుండిపోయాడు. ముఖం తుడుచుకోవడానికి తువ్వాలు దొరకలేదు, భార్య బల్ల కింద నుంచే కొంగు అందించింది.

కంప్యూటర్ ఆపి, పూంగొడి అగ్గిపుల్లతో గంధం గీకసాగింది. గీకింది చెత్తబుట్టలో వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పూజ గంధం పారెయ్యకూడదు. రాలిన పొడినంతా రొంటిన ఉన్న తమలపాకు తీసి అందులో పట్టుకున్నాడు. పొడి పోయాక ఆమె కన్నాన్నీ తీగ మూతినీ స్పిరిటు దూదితో తుడిచి, ఆరాక తగిలించి, కంప్యూటర్ వెలిగించింది. ఎర్ర గుర్తు లేదు. తీగ ఊపింది. లాగింది. లేదు.

"ఇంక ఎవరూ పట్టుకోనక్కర్లేదు పెద్దమ్మా, బయటికి రండి."

"నేను రాను. పట్టుకునే ఉంటాను" అంది కరుప్పాత్తాళ్. "నొక్కండీ!"

నాచిముత్తు వేలు ఆనించాడు. ముద్ర పోయింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. బల్ల కింద ఆవిడ దేవుళ్లను పేరు పేరునా పిలుస్తోంది. ఎవరో ఒప్పుకున్నారు. "ఉన్నారు" అని వచ్చింది.

బయట నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. పూంగొడి రుజువు కాగితం తీసి చేతికిచ్చింది. నాచిముత్తు తమలపాకులో ఒక నీటి బొట్టు వేసి, గంధం తడిపి, కాగితం నాలుగు మూలలా పెట్టాడు. పేరు మీద పడకుండా జాగ్రత్తగానే పెట్టాడు. ఇంకా వేలికి కొంచెం మిగిలింది. అలవాటు ఊరికే పోదు, ఎక్కడ పెడదామా అని ఆయన చూపు కంప్యూటర్ వైపు తిరిగింది.

పూంగొడి ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులతో పెట్టె వెనక భాగాన్ని కప్పేసింది. అలాగే కప్పి ఉంచి, తల వంచి, నుదురు ఆయన వేలికి అందించింది.